ఆ ఎర్ర భవనంలో ఒక్క గదినైనా క్లాసు గదిగా ఉంచండి

మద్రాసు హైకోర్టు భవనాల సంగతి చూసే పెద్దలకు, పాత కట్టడాల మరమ్మతులు చూసే తమిళనాడు ప్రజా పనుల శాఖ ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను కోస్తాలో ఒక జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసుకునే లాయర్ని. మీకు నేనెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో కూడా మీకు పంపుతాను. కానీ ముందు తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను, ఎందుకంటే నేను మాట్లాడబోయే భవనం తమిళులది ఎంతో మాదీ అంతే, ఆ సంగతి మా వాళ్లే చాలామంది మర్చిపోయారు. ప్యారీస్ కార్నర్ దగ్గర, హైకోర్టుని ఆనుకుని ఉన్న పాత లా కాలేజీ గురించి చెబుతున్నాను. 2018లో విద్యార్థులు వెళ్లిపోయాక ఆ భవనం హైకోర్టు అవసరాల కోసం మీ చేతికి వచ్చింది.

అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఆ భవనాన్ని కోర్టు గదులకి, ఆఫీసులకి వాడుకోండి, అందులో నాకేమీ అభ్యంతరం లేదు, ఖాళీగా పాడుబడటం కంటే అది వెయ్యి రెట్లు నయం. కానీ అందులో ఒక్క గదిని, ఒకే ఒక్క గదిని, క్లాసు గదిగానే ఉంచండి. నల్లబల్ల, బెంచీలు, పాఠం. మరమ్మతు చేసే ప్రతిచోటా సున్నమే వాడండి, సిమెంటు ముట్టుకోవద్దు. పెరట్లో ఉన్న సమాధిని కదిలించకండి. ఇక ఆ గోడ మీద అక్కడ చదివినవాళ్ల పేర్లతో పాటు, కట్టినవాళ్ల పేర్లు కూడా రాయించండి. ఇవెందుకు అడుగుతున్నానో చెబుతాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా తాతయ్య 1930ల చివర్లో అక్కడ బీఎల్ చదివారు. నెల్లూరులో రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని జార్జ్ టౌన్ దాకా నడిచిన కథ నా చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి మేడ మీద ఒక గది అద్దెకి తీసుకున్నారట. రాత్రిళ్లు డాబా మీద కూర్చుని చదువుకుంటుంటే హైకోర్టు గోపురం మీది లైట్‌హౌస్ వెలుగు వచ్చి పోతుండేదట. 1894 నుంచి 1977 దాకా మద్రాసు రేవుకి వచ్చే ఓడలకి దారి చూపించిన దీపం ఆ గోపురం మీదే ఉండేది కదా, న్యాయస్థానం నెత్తిన దీపం ఉన్న ఊరు మద్రాసు ఒక్కటేరా అనేవారు తాతయ్య. ఆయన పోయాక పెట్టెలో ఒక నోటు పుస్తకం దొరికింది. లోపలంతా కాంట్రాక్టు చట్టం నోట్సు, చిన్న చిన్న అక్షరాలు, మార్జిన్లలో కేసుల పేర్లు. వెనక అట్ట లోపలి వైపు మాత్రం పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఒకటుంది: ఒక కమాను, దాని వెనక ఇంకో కమాను, దాని వెనక ఇంకోటి, చిన్నవవుతూ పోయి చివర్లో గోరంత మనిషి. కింద తెలుగులో "వరండా, మధ్యాహ్నం 3 గం." అని రాసుకున్నారు. బొమ్మలు గీసే మనిషి కాదు ఆయన. ఇంకెక్కడా ఒక్క గీత కూడా గీయలేదు.

నేను లాయరైన కొత్తలో ఒక పని మీద మద్రాసు వెళ్లి, ఆ వరండా వెతుక్కుంటూ వెళ్లి నిలబడ్డాను. అప్పటికింకా కాలేజీ అక్కడే ఉంది. మే నెల, బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపలికి నాలుగడుగులు వేశానో లేదో వేడి సగానికి సగం తగ్గింది. మందపాటి ఇటుక గోడ, దాని ముందు వరండా, అంటే ఎండ అసలు గోడని తాకదు, వరండా కమానుల దగ్గరే ఆగిపోతుంది. పైకప్పు ఎక్కడో ఉంటుంది, వేడి గాలి పైకి పోతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది, అది కమానుల్లోంచి దూరి గదుల్లోకి వస్తుంది. తాతయ్య 3 గంటలని ఎందుకు రాసుకున్నారో నాకు అప్పుడు అర్థమైంది. ఫ్యాన్లు లేని కాలంలో వందమంది కుర్రాళ్లు గంటల తరబడి హిందూ లా వింటూ కూర్చోవాలంటే ఆ గాలి రావాలి, ఆ నీడ ఉండాలి.

ఆ నేల కథ భవనం కంటే పాతది. ఇప్పుడు హైకోర్టూ లా కాలేజీ ఉన్న చోట ఒకప్పుడు పాత నల్లవాళ్ల పేట, అంటే ఇంగ్లీషువాళ్లు బ్లాక్ టౌన్ అని పిలిచిన మనవాళ్ల పేట, ఉండేది. 1639లో దామర్ల నాయకులు ఇంగ్లీషువాళ్లకి కోట కట్టుకోడానికి చోటు ఇచ్చాక, ఆ సెయింట్ జార్జి కోట పక్కన నేతగాళ్లు, వర్తకులు, దుబాసీలు వచ్చి స్థిరపడ్డారు, అందులో తెలుగువాళ్లు చాలా ఎక్కువ. దామర్ల చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందని మనకి తరతరాలుగా చెప్పుకునే మాట. 1746లో ఫ్రెంచివాళ్లు కోటని పట్టుకుని మూడేళ్లు ఉంచుకున్నారు, ఆ తర్వాత మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. శత్రువు ఇళ్ల చాటు చేసుకుని కోట మీదికి రాకూడదని ఆ పేటని నేలమట్టం చేసి మైదానంగా వదిలేశారు. చెన్నకేశవుడి గుడి కూడా ఆ పడగొట్టిన వాటిలో ఒకటి, తర్వాత వేరే చోట కట్టుకున్నారు. అలా మనుషుల్ని లేపేసి, ఫిరంగి గుండ్లకి అడ్డం లేకుండా చదును చేసిన నేల మీద, నూటముప్ఫై ఏళ్లు దాటాక న్యాయస్థానం కట్టారు, న్యాయం నేర్పే బడి కట్టారు. ఈ మాట ఆ గేటు దగ్గర ఎక్కడా రాసి ఉండదు. రాసి ఉండాలి.

ఆ పేటకి ఆనుకుని ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం ఉండేది. 1758–59లో ఫ్రెంచివాళ్లు మళ్లీ ముట్టడికి వచ్చినప్పుడు ఆ సమాధుల్నే చాటుగా వాడుకున్నారు. ముట్టడి అయ్యాక వాటిని కూల్చేసి, పేర్లు చెక్కిన పలకల్ని కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు, ఇప్పటికీ ఆ చర్చి చుట్టూ నేలలో పరిచి ఉంటాయవి, మనం వాటి మీదే నడుస్తాం. ఒకటీ అరా మాత్రం ఉన్నచోటే మిగిలాయి. అందులో కొసదేలిన శిఖరంతో నిలబడ్డ సమాధి లా కాలేజీ ఆవరణలో ఉంది. 1680లో చనిపోయిన జోసెఫ్ హిన్మర్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిదీ, డేవిడ్ యేల్ అనే పసివాడిదీ ఆ సమాధి. దాని సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు భవనం. మద్రాసులో న్యాయశాస్త్రం చెప్పడం 1850ల్లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక విభాగంగా మొదలైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, 1862లో హైకోర్టు వచ్చింది, 1891లో లా కాలేజీ వేరే సంస్థ అయింది. అంటే విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుంది, హైకోర్టు ఆ పట్టా పట్టుకొచ్చినవాణ్ణి లోపలికి రానిస్తుంది, ఈ రెండింటికీ మధ్య మెట్టు లా కాలేజీ. 1990ల చివర్లో అంబేద్కర్ లా యూనివర్సిటీ కిందికి వెళ్లేదాకా ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానిదే. హైకోర్టు భవనం 1892 జూలై 12న తెరిచారు. దాని పక్కనే లా కాలేజీ భవనం లేచి 1899 నాటికి పూర్తయింది. రెండింటికీ రూపం ఇచ్చిన చెయ్యి ఆర్కిటెక్టు హెన్రీ ఇర్విన్‌ది. హైకోర్టుకి మొదటి నమూనా బ్రాసింగ్టన్‌ది, దాన్ని ఇర్విన్ పూర్తి చేశాడు. సిమ్లాలో వైస్రాయి నివాసం, మైసూరు అంబావిలాసం ప్యాలెస్, ఎగ్మూరు మ్యూజియంలోని ఎర్ర ఆర్ట్ గ్యాలరీ, ఇవన్నీ ఆయనవే.

ఆ పద్ధతిని ఇండో సారసెనిక్ అంటారు. ఐరోపా ప్లానుకి మొగలు గుమ్మటాలు, మినార్లలాంటి బురుజులు, కొసదేలిన కమానులు, మన గుళ్లలోని నగిషీ, అన్నీ తొడిగిన పద్ధతి. మద్రాసులో దీనికి దారి వేసింది చిషోమ్ అనే ఆర్కిటెక్టు, మెరీనా మీద విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్ 1879లో పూర్తి చేసింది ఆయనే. దీని మీద నాకున్న అభిప్రాయం దాచుకోను. తెల్ల ప్రభుత్వం తాను మొగలాయిలకి వారసుణ్ణని చూపించుకోడానికి ఈ రూపం ఎంచుకుంది, గుమ్మటాలూ మినార్లూ అంతగా లేని మద్రాసుకి వాటిని తెచ్చి పెట్టింది. అది పాలకుల రాజకీయం. అయితే చెక్కింది, పేర్చింది, పూసింది ఎవరు? ప్లాను ఇర్విన్‌ది, ఇటుక మీద ఇటుక పెట్టించిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, తెలుగు వైశ్య కుటుంబం. 1856లో పుట్టి 1925లో పోయిన ఆ మనిషి హైకోర్టు, లా కాలేజీ, విక్టోరియా పబ్లిక్ హాలు, కన్నెమరా లైబ్రరీ, ఇలా మద్రాసులో మనం ఫొటోలు తీసుకునే ఎర్ర భవనాల్లో సగం కట్టించాడు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ చివరి రోజులు గడిపిన చేట్‌పట్ ఇల్లు కూడా ఈయనదే. ఇర్విన్ పేరు పుస్తకాల్లో ఉంది. నంబెరుమాళ్ చెట్టి పేరు మా తెలుగు పిల్లల్లో నూటికి ఒక్కరికి కూడా తెలియదు, ఇక ఆయన కింద పనిచేసిన మేస్త్రీల పేర్లయితే ఎక్కడా లేవు. అందుకే గోడ మీద కట్టినవాళ్ల పేర్లు అడుగుతున్నాను. పేర్లు దొరకని మేస్త్రీల కోసం కనీసం వాళ్ల పనేమిటో రాయండి.

ఆ పనేమిటో చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. ఆ కాలపు మద్రాసు కట్టడాల కప్పుని మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి చిట్టి ఇటుకల్ని నిలబెట్టి ఏటవాలుగా సున్నంతో పేరుస్తారు, ఆ పేర్పే దాని బలం. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు వేసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య పలకలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. సున్నంలో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. పైన పలచటి పెంకులు. ఎండకి వ్యాకోచించినా వానకి తడిసినా సున్నం కొంచెం ఒదుగుతుంది, సన్న పగుళ్లు వస్తే వాన నీటిలో కరిగిన సున్నమే మళ్లీ పేరుకుని వాటిని పూడుస్తుంది. ఇనుము లేకుండా, సిమెంటు లేకుండా నూరేళ్లు దాటి నిలిచిన కప్పులవి.

ఇది మీ ఇంజనీర్లకి నేను చెప్పేదేమీ కాదు, వాళ్లకి నాకంటే బాగా తెలుసు. నా భయం టెండరు పద్ధతి గురించి. నేను చదువుకున్న కాలేజీ కూడా పాత ఇటుక భవనమే, పేరు అనవసరం. మేము మూడో సంవత్సరంలో ఉండగా గోడలు పెచ్చులు ఊడుతున్నాయని ఎవరో ఆర్డరిస్తే, సున్నం అంతా చెక్కేసి నున్నగా సిమెంటు పూశారు, మీద క్రీము రంగు వేశారు. ప్రారంభోత్సవం నాడు మెరిసిపోయింది. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగునుంచి మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఎక్కింది. ఇటుకలోకి వెళ్లిన నీరు సున్నంలోంచి అయితే ఊపిరి పీల్చినట్టు బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధించేస్తుంది. లోపలి ఉప్పు ఇటుక ముఖం మీదికి వచ్చి గడ్డకట్టి, ముఖాన్ని పొరలు పొరలుగా పగలగొడుతుంది. నాకు బాగా గుర్తు, లైబ్రరీ కిటికీ కింద సిమెంటు పలక ఒకటి ఊడిపడితే, దాని వెనక వైపు ఇటుక ముఖం అచ్చంగా అతుక్కుని ఉంది, తోలుతో సహా ఊడొచ్చిన పట్టీలాగా. గోడలో మిగిలింది ఎర్రటి పిండి. వేలితో గీస్తే రాలిపోయింది. మళ్లీ ఇంకో టెండరు, మళ్లీ సిమెంటు. ఆ భవనం ఇప్పుడు లేదు.

మీ భవనం సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. అక్కడి గాలిలోనే ఉప్పుంది. మెట్రో సొరంగం తవ్వినప్పుడు ఆ చుట్టుపక్కల పాత కట్టడాలకి పగుళ్లు వచ్చాయన్న ఆందోళన కూడా ఉంది. కాబట్టి ఎక్కడ ఏ పగులు పూడ్చినా, ఎంత ఆలస్యమైనా, ఎంత ఖర్చైనా, గానుగ సున్నంతోనే పూడ్చండి. వైర్లు లాగడానికీ ఏసీ గొట్టాలు పెట్టడానికీ కమానులకి కంతలు పెట్టనివ్వకండి. ఆ వరండాల్ని అద్దాలతో మూసేసి గదులు చేయాలనే ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి అక్కడే ఆపేయండి. వరండా మూశారంటే భవనం ముక్కు మూసినట్టే.

ఇక క్లాసు గది ఎందుకంటే. ఆ కాలేజీ గొప్పతనంలో పెద్ద భాగం అది ఉన్న చోటులో ఉంది. పొద్దున కాలేజీలో సాక్ష్యం గురించి పాఠం విని, నాలుగడుగులు వేస్తే హైకోర్టు హాల్లో నిలబడి అదే చట్టం మీద వాదన వినొచ్చు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని విషయం, ఒక సీనియర్ గౌను సర్దుకుని, జడ్జి ప్రశ్నకి ఒక్క క్షణం ఆగి, జవాబు చెప్పే తీరు చూస్తే వచ్చేస్తుంది. తాతయ్య తరం నేర్చుకున్నది అలాగే. కట్టినవాళ్లు ఆ రెండు భవనాల్నీ ఒకే రంగులో, ఒకే పద్ధతిలో పక్కపక్కన పెట్టడంలోనే ఒక ఉద్దేశం ఉంది: ఇటు నేర్చుకున్నది అటు పనికి రావాలి.

ఆ మెట్టు ఎక్కి వెళ్లిన తెలుగువాళ్లని తలచుకోండి. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నారు. రాజమండ్రి నుంచి వచ్చిన కోకా సుబ్బారావు 1954లో ఆంధ్ర హైకోర్టుకి తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1966లో దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, పార్లమెంటు కూడా ప్రాథమిక హక్కుల్ని తీసేయలేదని చెప్పిన 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు ఆయన రాసిందే. ఆయన బావమరిది పాకాల వెంకట రాజమన్నార్ స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు హైకోర్టుకి తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి, తెలుగులో నాటకాలు రాసిన మనిషి. కర్నూలు జిల్లా పెద్దపాడులో దళిత కుటుంబంలో పుట్టి, తినడానికే కష్టమైన రోజుల్లో ఆ కాలేజీలో చదువుకున్న దామోదరం సంజీవయ్య 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకి వెళ్లొచ్చి, ఆ తర్వాత కూర్చుని మద్రాసు విశ్వవిద్యాలయం లా పట్టా తీసుకుని, మద్రాసు హైకోర్టులో నల్లగౌను వేసుకున్న దుర్గాబాయమ్మ రాజ్యాంగ సభలో మాట్లాడింది. 1954 జూలైలో మా హైకోర్టు గుంటూరుకి వచ్చేదాకా శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అప్పీలంటే మద్రాసు రైలెక్కడమే. మా ఊళ్లలో ముసలి ప్లీడర్లు "పైకోర్టుకి పోతా" అంటే ఆ ఎర్ర భవనాలకి అని అర్థం. ఈ పేర్లు తమిళులైన మహామహుల పేర్ల పక్కన ఉండాలని అడుగుతున్నాను, వాళ్ల బదులు కాదు.

2008 నవంబరు 12 గురించి మాట్లాడకుండా దాటేస్తే నిజాయితీగా ఉండదు. ఆ రోజు ఆ ఆవరణలోనే లా విద్యార్థులు కులం పేరుతో ఒకర్నొకరు కర్రలతో కొట్టుకున్నారు, కిందపడ్డవాణ్ణి కూడా వదల్లేదు, పోలీసులు అక్కడే ఉన్నారు, దేశమంతా టీవీల్లో చూసింది. 1990లో ఆ కాలేజీకి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ పేరున్న గేటు లోపల అది జరిగింది. జస్టిస్ షణ్ముగం కమిషన్ వేశారు, కాలేజీని అక్కణ్ణుంచి తరలించాలన్న మాట వచ్చింది, విద్యార్థులు వద్దని ధర్నాలు చేశారు, చివరికి 2018లో కాలేజీని రెండుగా చేసి పుదుప్పాక్కానికి, పట్టరైపెరుంబుదూరుకి పంపేశారు. రెండూ ఊరికి దూరమే. ఇప్పుడు ఒక పేదింటి పిల్ల హైకోర్టులో వాదన వినాలంటే రెండు బస్సులు మారి రావాలి, వచ్చినా క్లాసు పోతుంది. కులాన్ని లోపల పెట్టుకున్నది మనుషులు, దానికి శిక్ష పడింది ఆ చిన్న నడక దూరానికి. ఆ నిర్ణయాన్ని ఇప్పుడు వెనక్కి తిప్పమని నేను అడగడం లేదు. అయినా ఆ భవనంలో ఒక్క గది ఉంచి, ఆ రెండు కాలేజీల నుంచీ వారానికి ఒక రోజు ఒక బ్యాచిని తీసుకొచ్చి, పొద్దున అక్కడ పాఠం, తర్వాత హైకోర్టు హాల్లో వాదనలు, సాయంత్రం మళ్లీ ఆ గదిలోనే చర్చ పెడితే, తెగిపోయిన ఆ నడక మళ్లీ అతుక్కుంటుంది. రిటైరైన జడ్జిలు, సీనియర్లు ఎంతమంది ఉన్నారు చెన్నైలో, అడిగితే ఒక్క గంట పాఠం చెప్పడానికి రానంటారా? ఆ గది తలుపు మీద అంబేద్కర్ పేరు కూడా ఉంచండి. ముఖ్యంగా ఆ పేరు.

సమాధి విషయానికి వస్తున్నాను. ఆ పసివాడి తండ్రి ఎలీహూ యేల్, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటకి గవర్నరు. హిన్మర్ చనిపోయాక ఆయన భార్యని ఈయన పెళ్లి చేసుకున్నాడు, కొడుకు చిన్నతనంలోనే పోతే ఆవిడ మొదటి భర్త పక్కనే పెట్టారు. ఇదే యేల్ 1718లో అమెరికాలో కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, ఒక రాజు పటం పంపితే, సరుకు అమ్మి వచ్చిన 562 పౌండ్లతో భవనం కట్టుకుని కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు. అదే యేల్ యూనివర్సిటీ. ఆ యూనివర్సిటీ లా స్కూలు భవనం 1931లో జేమ్స్ గ్యాంబుల్ రోజర్స్ నమూనాతో లండన్ లాయర్ల ఇన్స్ ఆఫ్ కోర్ట్ పోలికలో లేచింది, ఇప్పటికీ అందులో లా చెబుతున్నారు, పాత భవనం పాతబడిందని బడిని బయటికి పంపలేదు, మరమ్మతు చేసుకుని అందులోనే ఉన్నారు. అక్కడ సముద్రాల అవతల యేల్ పేరున్న లా స్కూలు, ఇక్కడ లా కాలేజీ పెరట్లో యేల్ కొడుకు.

యేల్ మంచివాడని నేననను. కంపెనీ సొమ్ముతో సొంత వ్యాపారం చేసుకున్నాడని పదవి పోగొట్టుకున్నాడు, ఆయన హయాంలో మద్రాసు రేవు నుంచి బానిసల్ని ఓడలెక్కించారు. ఆ కథంతా అక్కడ బోర్డు మీద రాయండి, కాపాడటానికి అది కారణమే అవుతుంది. 2023లో మల్టీలెవెల్ పార్కింగు కోసం ఆ సమాధిని వేరే చోటికి మార్చమని సింగిల్ జడ్జి ఆదేశం వచ్చింది, దాని మీద పురావస్తు శాఖ అప్పీలుకి వెళ్లింది. పార్కింగు కష్టం నాకు తెలియంది కాదు, హైకోర్టుకి కారులో వచ్చిన ప్రతి లాయరుకీ ఆ టెన్షన్ తెలుసు. కానీ ఆ సమాధి విలువ దాని రాతిలో లేదు, అది నిలబడ్డ చోటులో ఉంది. ఫ్రెంచి ముట్టడి, కూల్చిన శ్మశానం, కూల్చిన పేట, వీటన్నిటికీ ఆ నేల మీద మిగిలిన సాక్షి అది. సాక్షిని సంఘటన జరిగిన చోటునుంచి తీసుకెళ్లి ఇంకెక్కడో నిలబెడితే దాని సాక్ష్యానికి ఏం బలం ఉంటుందో మీకు నేను చెప్పాలా?

చివరగా గేట్ల సంగతి. 2015 నుంచి అక్కడ సీఐఎస్ఎఫ్ భద్రత ఉంది, ఉండాల్సిందే, కోర్టు అది. ఎవరు పడితే వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు రావాలని నేననడం లేదు. మీ హైకోర్టుకి ఒక పాత అలవాటుంది, ఏడాదికి ఒక రోజు గేట్లన్నీ మూసేసి ఎవర్నీ అడుగు పెట్టనివ్వరు, ఏళ్ల తరబడి అటూ ఇటూ నడిచినవాళ్లెవరూ రేపు ఇది మా దారి హక్కు అని దావా వేయకుండా. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా నచ్చింది, ఈజ్‌మెంటు చట్టం పాఠం మొత్తం ఆ ఒక్క రోజులో ఉంది. అదే పద్ధతిలో ఏడాదికి ఇంకో రోజు పెట్టండి, ఏదో ఒక ఆదివారం, ముందుగా పేర్లు రాయించుకుని, గుర్తింపు కార్డులు చూసి, పదిమంది పదిమందిగా పాత లా కాలేజీలోకి రానివ్వండి. వరండాలు నడవనివ్వండి, కప్పు చూపించండి, సమాధి దగ్గర కథ చెప్పండి, క్లాసు గదిలో పావుగంట కూర్చోనివ్వండి.

మీరు ఆ రోజు ఏదని ప్రకటిస్తే చాలు, నేను తాతయ్య నోటు పుస్తకం పట్టుకుని వస్తాను. అసలు పుస్తకం మీకే ఇచ్చేస్తాను, ఆ గదిలో ఒక అద్దాల బీరువా పెడితే. వెనక అట్ట పైకి కనిపించేలా పెట్టండి.

ఇట్లు,
నెల్లూరు నుంచి అక్కడికి చదువుకోడానికి వచ్చిన ఒక ప్లీడరు గారి మనవడు